అణ్వస్త్రాలు ఉన్నా ఉగ్రదాడులు ఎందుకు ఆగడం లేదు?

"భారత్, పాకిస్తాన్ రెండింటి దగ్గరా అణ్వస్త్రాలు ఉన్నాయి కాబట్టి పెద్ద యుద్ధం రాదంటున్నారు. అలాంటప్పుడు ఉగ్రదాడులు ఎందుకు ఆగడం లేదు? అవి ఆగనప్పుడు ఆ దేశంతో మాట్లాడి ప్రయోజనం ఏమిటి?" అని మీరు అడిగారు. ఈ రెండు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు చెప్పడం తేలికే గానీ, అలా చెబితే రెండూ సగం సగమే అవుతాయి. అంతర్జాతీయ సంబంధాలను చాలా ఏళ్లు పాఠంగా చెప్పాను. ప్రతి పెద్ద దాడి తర్వాత తరగతిలో ఎవరో ఒకరు లేచి ఇదే అడిగేవారు. అప్పట్లో చెప్పినదానికి ఈమధ్య జరిగినవి కూడా చేర్చి కాస్త వివరంగా రాస్తున్నాను.

అణు నిరోధం ఆయుధంలో ఉండదు, ఎదుటివాడు వేసుకునే లెక్కలో ఉంటుంది. "నువ్వు ఫలానా పని చేస్తే భరించలేని నష్టం చూస్తావు" అని ఒక ప్రభుత్వం హెచ్చరించినప్పుడు, ఆ హెచ్చరిక పనిచేయాలంటే ఆ పని చేసింది ఎవరో సందేహానికి తావు లేకుండా తేలాలి, చేసినవాడికి పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, అన్నంత పనీ చేస్తారని అతను నమ్మాలి. ట్యాంకులతో సరిహద్దు దాటి వచ్చే సైన్యం విషయంలో ఈ మూడూ కుదురుతాయి. 2008 నవంబరు 26న పదిమంది సాయుధులు సముద్రం మీదుగా వచ్చి ముంబైలో దిగి 166 మందిని చంపినప్పుడు, వాటిలో ఏ ఒక్కటీ పూర్తిగా కుదరలేదు. వచ్చినవాళ్లు చావడానికి సిద్ధపడి వచ్చారు. పంపినవాళ్లు ఫోన్లలో గొంతులుగా మాత్రమే వినిపించారు. ఆ గొంతుల వెనుక ప్రభుత్వం ఎంతవరకు ఉందన్నది కోర్టులో రుజువు చేయాల్సిన విషయంగా మిగిలిపోయింది. ప్రాణాలతో దొరికిన కసబ్ తమ పౌరుడేనని ఒప్పుకోవడానికి పాకిస్తాన్‌కు ఆరు వారాలు పట్టింది. 2009 జనవరి 7న ఆ మాట మీడియాతో అన్న ఆ దేశ జాతీయ భద్రతా సలహాదారు మహమూద్ అలీ దురానీని ప్రధాని గిలానీ ఆ రోజే పదవి నుంచి తప్పించారు. తమను సంప్రదించకుండా మాట్లాడారన్నది చెప్పిన కారణం. నేను ఈ ఉదంతాన్ని తరగతిలో తప్పకుండా చెప్పేవాణ్ని, ఎందుకంటే "మాకు తెలియదు" అనగలిగే వెసులుబాటుకు ఆ వ్యవస్థలో ఎంత విలువ ఉందో ఇంతకంటే బాగా చూపించేది నాకు దొరకలేదు. చిరునామా లేని శత్రువు మీద అణు నిరోధం పనిచేయదు. అందుకే చిరునామా తెలియకుండా ఉంచడం కోసమే అంత ప్రయాస.

దీనికి పుస్తకాల్లో ఒక పేరుంది, స్థిరత్వ–అస్థిరత్వ వైరుధ్యం. అమెరికా పండితుడు గ్లెన్ స్నైడర్ 1965లో అమెరికా, సోవియట్ యూనియన్‌ల గురించి చెప్పిన మాట ఇది: పై అంతస్తులో యుద్ధం అసాధ్యమని ఇద్దరికీ నమ్మకం కుదిరితే, కింది అంతస్తులో గొడవలకు ధైర్యం వస్తుంది. ఆయన ఊహించినది మన దగ్గర అణు పరీక్షల తర్వాత ఏడాది తిరిగేలోగా జరిగింది. 1998 మేలో పోఖ్రాన్‌లో భారత్, చాగైలో పాకిస్తాన్ పరీక్షలు జరిపాయి. 1999 ఫిబ్రవరిలో వాజ్‌పేయి బస్సులో లాహోర్ వెళ్లారు. అణు ప్రమాదాన్ని తగ్గిస్తామని రెండు దేశాలూ రాతపూర్వకంగా మాట ఇచ్చుకున్నాయి. ఆ సంతకాల తడి ఆరకముందే పాకిస్తాన్ సైనికులు కార్గిల్ ఎత్తులకు చేరిపోయారు. భారత్ యుద్ధాన్ని నియంత్రణ రేఖ దాటించదన్నది ఆ పథకం వేసిన జనరళ్ల అంచనా, అందులో వాళ్లు పొరపాటు పడలేదు. వైమానిక దళం నియంత్రణ రేఖ దాటరాదని ప్రభుత్వం ఆదేశించింది, దళం దాటలేదు. ఆ సంయమనానికి మూల్యం పదాతిదళం చెల్లించింది: సరఫరా మార్గాలను వెనుక నుంచి తెంచే వీలు లేక, పైన బంకర్లలో కూర్చున్నవాడి వైపు నిట్టనిలువు కొండను రాత్రిపూట ఎదురుగా ఎక్కాల్సి వచ్చింది. 527 మంది భారత సైనికులు చనిపోయారు. జనరళ్లు తప్పిన లెక్క వేరే ఉంది. రేఖ దాటకుండానే భారత్ ఆ శిఖరాలను తిరిగి గెలుచుకుంటుందనీ, ఆ సంయమనమే ప్రపంచాన్ని భారత్ వైపు నిలబెడుతుందనీ, జూలై 4న తమ ప్రధాని నవాజ్ షరీఫ్ వాషింగ్టన్ వెళ్లి సేనలను వెనక్కు రప్పిస్తానని చెప్పి రావాల్సి వస్తుందనీ వాళ్లు ఊహించలేదు.

ఇక్కడ ఒక సవరణ అవసరం. బాంబు వల్లే ఉగ్రవాదం పుట్టిందని కొందరు రాస్తుంటారు. కశ్మీర్‌లో సాయుధ తిరుగుబాటు మొదలైంది 1989లో, బహిరంగ పరీక్షలకు తొమ్మిదేళ్ల ముందు. దానికి కారణాలు 1987 ఎన్నికల్లో జరిగిన అక్రమాల దగ్గర, అఫ్గాన్ యుద్ధం ముగిసి ఖాళీగా మిగిలిన ఆయుధాలు, మనుషుల దగ్గర వెతకాలి. బాంబు చేసింది అప్పటికే నడుస్తున్న ఒక విధానానికి గొడుగు పట్టడం.

రెండు దేశాల అణు విధానాలను పక్కపక్కన పెడితే ఆ గొడుగు తయారీ అర్థమవుతుంది. 2003 జనవరి 4న భారత్ ప్రకటించిన విధానం ప్రకారం అణ్వస్త్రాన్ని మొదట మనం ప్రయోగించం; మన భూభాగం మీద గానీ, మన సేనలు ఎక్కడ ఉన్నా వాటి మీద గానీ ప్రయోగిస్తే ప్రతీకారం భారీగా, భరించలేని స్థాయిలో ఉంటుంది. రసాయన, జీవాయుధాలతో పెద్ద దాడి జరిగితే అణు ప్రతీకారానికి అవకాశం ఉంచుకున్నాం. ఆదేశం ఇవ్వగలిగేది ప్రధాని అధ్యక్షతన ఉన్న రాజకీయ మండలి మాత్రమే. పాకిస్తాన్ అలాంటి మాట ఇవ్వలేదు. తన అణ్వస్త్రాలు భారత్‌ను దృష్టిలో పెట్టుకున్నవేనని దాచుకోనూ లేదు. ఆ దేశపు వ్యూహాత్మక ప్రణాళికల విభాగానికి అధిపతిగా ఉన్న ఖాలిద్ కిద్వాయ్, తాము బాంబు వాడే పరిస్థితులను 2002లో ఇటలీ పరిశోధకులకు నాలుగు మాటల్లో చెప్పారు: భూభాగంలో పెద్ద భాగం పోవడం, సైన్యంలో పెద్ద భాగం దెబ్బతినడం, ఆర్థికంగా ఊపిరాడకుండా చేయడం, దేశంలో రాజకీయ అస్థిరత రేపడం. "పెద్ద భాగం" అంటే ఎంతో ఆయన చెప్పలేదు, ఎప్పటికీ చెప్పరు. గీత ఎక్కడుందో తెలియకపోతే ఎదుటివాడు గీతకు చాలా ముందే ఆగుతాడన్నది అందులోని ఎత్తు. 2011లో పరీక్షించిన 60 కిలోమీటర్ల నస్ర్ క్షిపణి కూడా ఆ ఎత్తులో భాగమే: భారత సేనలు వేగంగా లోపలికి చొచ్చుకువస్తే, వాటి మీద చిన్న అణ్వస్త్రం ప్రయోగిస్తామన్న హెచ్చరిక అది. చిన్నదైనా అణ్వస్త్రం అణ్వస్త్రమేనన్నది భారత్ వైఖరి. పాకిస్తాన్ సొంత భూభాగంలోకి వచ్చిన ఒక భారత సైనిక పటాలం మీద చిన్న బాంబు వేసినందుకు భారత్ నిజంగా నగరాలను నాశనం చేస్తుందా అని అక్కడ అనుమానపడేవాళ్లు ఉన్నారు. ఆ అనుమానంలో కొంత సబబు ఉందని నా అభిప్రాయం. అయితే ఆ అనుమానం మీద దేశాన్ని పణంగా పెట్టే ధైర్యం ఏ పాలకుడికైనా ఉంటుందని నేను అనుకోను. స్టాక్‌హోమ్‌లోని సిప్రీ సంస్థ 2025 ఆరంభానికి వేసిన అంచనా ప్రకారం భారత్ దగ్గర దాదాపు 180, పాకిస్తాన్ దగ్గర దాదాపు 170 అణ్వస్త్రాలు ఉన్నాయి. ఆ పది తేడాకు అర్థమేమీ లేదు.

ఇక ఆ గొడుగు కింద ఎంత దూరం వెళ్లవచ్చన్నది భారత్ మెట్టు మెట్టుగా పరీక్షిస్తూ వచ్చింది. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి తర్వాత సైన్యాన్ని సరిహద్దుకు పంపి పది నెలలు నిలబెట్టారు. ఆపరేషన్ పరాక్రమ్ అన్న ఆ మోహరింపులో యుద్ధం జరగకుండానే వందల మంది సైనికులు ప్రాణాలు కోల్పోయారు. 2002 జనవరి 12న ముషారఫ్ టీవీలో ప్రసంగించి లష్కరే తోయిబా, జైషే మహమ్మద్‌లను నిషేధించారు; మే నెలలో కాలూచక్‌లో సైనికుల కుటుంబాలను కాల్చి చంపారు. ముంబై తర్వాత మన్మోహన్ ప్రభుత్వం సైనిక చర్యకు దిగలేదు. 2016లో ఉరీ తర్వాత నియంత్రణ రేఖ దాటి సర్జికల్ దాడులు జరిగాయి. 2019లో పుల్వామా తర్వాత విమానాలు రేఖనే కాదు, కశ్మీర్‌నే దాటి పాకిస్తాన్‌లోని బాలాకోట్‌లో బాంబులు వేశాయి. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపిన తర్వాత, మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్‌లో తొమ్మిది చోట్ల క్షిపణులు పడ్డాయి. వాటిలో పాకిస్తాన్ పంజాబ్ నడిబొడ్డున ఉన్న బహావల్‌పూర్, మురీద్కే ఉన్నాయి. మే 10 నాటికి దాడులు వైమానిక స్థావరాల దాకా వెళ్లాయి.

ఈ వరుసలో అందరూ దాడి ఎంత పెద్దదో చూస్తారు. మీరు తేదీలు చూడండి. ఉరీకి, సర్జికల్ దాడులకు మధ్య పదకొండు రోజులు. పుల్వామాకు, బాలాకోట్‌కు మధ్య పన్నెండు. పహల్గామ్‌కు, సిందూర్‌కు మధ్య పదిహేను. దెబ్బ పెద్దదైన కొద్దీ ముందు తీసుకున్న గడువు కూడా పెరిగింది. ఆ రోజుల్లో లక్ష్యాలు ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, ఢిల్లీలోని రాయబారులను పిలిచి వివరించడం, భద్రతా మండలి సభ్య దేశాల రాజధానులకు ఫోన్లు చేయడం, మొదటి దాడి ముగిసిన నిమిషాల్లో విడుదల చేయాల్సిన ప్రకటనలో ఏ మాట ఉండాలో తేల్చుకోవడం అంత ముఖ్యం. సిందూర్ రాత్రి ఆ ప్రకటన, పాకిస్తాన్ సైనిక స్థావరాలను లక్ష్యంగా చేసుకోలేదని స్పష్టంగా చెప్పింది. ఆ వాక్యం ఎవరి కోసం? ఇస్లామాబాద్‌లో ఆ రాత్రి మేలుకుని, ఇది అణు గీత దాకా వెళ్లే దాడా కాదా అని లెక్క వేసుకుంటున్నవాళ్ల కోసం. మాట్లాడటం వల్ల ప్రయోజనమేమిటన్న మీ ప్రశ్నకు జవాబులో మొదటి సగం ఇదే: బాంబులు వేసిన రాత్రి కూడా మాట్లాడాల్సి వచ్చింది.

ప్రమాదం దాడికి ముందు ఉండే రోజుల్లో కాక తర్వాతి గంటల్లో ఉంటుంది. ముందు పదిహేను రోజులు దొరికితే, తర్వాత దొరికింది నాలుగు రోజులే. అంత ఇరుకు సమయంలో, ఎవరూ ఉద్దేశపూర్వకంగా చేయని పనులు జరుగుతాయి. 2019 ఫిబ్రవరి 27 ఉదయం శ్రీనగర్ పరిసరాల్లో మన క్షిపణి మన మీ-17 హెలికాప్టర్‌నే శత్రువుదనుకుని కూల్చింది. ఆరుగురు వైమానిక సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద పొరపాటని అదే ఏడాది అక్టోబరులో వైమానిక దళాధిపతి ఒప్పుకున్నారు. సొంత హెలికాప్టర్‌నే పోల్చుకోలేని అలాంటి ఉదయాన, ఎదుటివాడి రాడార్ మీద కనిపించిన చుక్క ఏమిటో సరిగ్గా తేలుతుందని ఎవరు హామీ ఇస్తారు? 2008లో ముంబై ఇంకా కాలుతుండగా, భారత విదేశాంగ మంత్రినంటూ ఎవరో పాకిస్తాన్ అధ్యక్షుడు జర్దారీకి ఫోన్ చేసి బెదిరించారు. ఆ దేశ వైమానిక దళం అప్రమత్తమైంది. తాను అలాంటి ఫోన్ చేయలేదని ప్రణబ్ ముఖర్జీ తర్వాత ప్రకటించాల్సి వచ్చింది. ఒక ఆకతాయి ఫోనుకు అణ్వస్త్ర దేశపు విమానాలు సిద్ధం కావడం చదివి నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వు రాదు.

ఇలాంటి వాటి కోసమే పైకి చప్పగా కనిపించే కొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. వాటి గురించి టీవీ చర్చల్లో ఎవరూ మాట్లాడరు. పరస్పరం అణు కేంద్రాల మీద దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న ఒప్పందం కుదిరింది. అది 1991లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 1992 నుంచి ప్రతి జనవరి 1న ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఒకేసారి దౌత్యాధికారులు తమ అణు కేంద్రాల జాబితాలు అందజేసుకుంటారు. పార్లమెంటు మీద దాడి జరిగి మూడు వారాలు కూడా కాని 2002 జనవరి 1న, సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉండగా, ఆ కాగితాలు చేతులు మారాయి. కార్గిల్ తర్వాతా, ముంబై తర్వాతా మారాయి. బాలిస్టిక్ క్షిపణిని పరీక్షించే ముందు కనీసం మూడు రోజులకు తగ్గకుండా తెలియజేయాలని 2005లో, అణ్వస్త్ర ప్రమాదం జరిగితే వెంటనే చెప్పాలని 2007లో ఒప్పందాలు వచ్చాయి. సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ల (డీజీఎంవోల) మధ్య హాట్‌లైన్ ఉంది. 2025 మే 10 మధ్యాహ్నం 3.35కి పాకిస్తాన్ డీజీఎంవో ఆ లైనులోనే ఫోన్ చేశారు, సాయంత్రం 5 గంటలకు కాల్పులు ఆగాయి. ఆ ఫోను వెనుక అమెరికా పాత్ర ఎంతన్న దాని మీద వాషింగ్టన్ ఒక మాట చెబుతోంది, ఢిల్లీ మరో మాట చెబుతోంది. ఏది నిజమైనా, చివరికి ఫోన్ చేయడానికి ఒక లైను, అవతల ఎత్తడానికి ఒక మనిషి ఉండాలి కదా.

ఈ ఏర్పాట్లలో కన్నాలూ ఉన్నాయి. 2022 మార్చి 9న భారత్ నుంచి ఆయుధం లేని ఒక క్రూయిజ్ క్షిపణి పొరపాటున ఎగిరి పాకిస్తాన్ పంజాబ్‌లోని మియా చన్నూ దగ్గర పడింది. ఎవరూ చనిపోలేదు. భారత్ బహిరంగంగా విచారం వ్యక్తం చేసింది రెండు రోజుల తర్వాత. విచారణ జరిగి ముగ్గురు వైమానిక అధికారులను ఉద్యోగం నుంచి తొలగించారు. 2005 ఒప్పందం బాలిస్టిక్ క్షిపణుల గురించే మాట్లాడుతుంది. క్రూయిజ్ క్షిపణులకు అది వర్తించదు. ఆ ఏడాది సరిహద్దు ప్రశాంతంగా ఉండబట్టి సరిపోయింది. అదే పొరపాటు 2019 ఫిబ్రవరి 27న జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

మీ ప్రశ్నలో అసలు చురక రాజకీయ చర్చల గురించి అని నాకు తెలుసు. లాహోర్ బస్సు తర్వాత కార్గిల్ వచ్చింది. 2015 క్రిస్మస్ రోజున మోదీ లాహోర్‌లో దిగి నవాజ్ షరీఫ్ ఇంటికి వెళ్లారు, జనవరి 2న పఠాన్‌కోట్ మీద దాడి జరిగింది. చర్చలు మొదలైనప్పుడల్లా వాటిని చెడగొట్టే ప్రయోజనం ఉన్నవాళ్లు ఆ దేశంలో, దాని సైన్యం నీడలో ఉన్నారన్నది ఇక ఆరోపణ స్థాయి దాటిన విషయం. దాడి జరగగానే చర్చలు ఆపేస్తే ఆపే అధికారం తుపాకీవాడి చేతికి ఇచ్చినట్టే. ఆపకపోతే, ఓటు వేసిన జనానికి ముఖం చూపించగలిగే ప్రభుత్వం ఉండదు. అయినా చర్చల వల్ల ఎన్నడూ ఏమీ రాలేదనడం సరి కాదు. 2003 నవంబరులో నియంత్రణ రేఖ వెంట కాల్పుల విరమణ కుదిరింది. 2004 జనవరి 6న ఇస్లామాబాద్‌లో, తన అధీనంలోని ఏ భూభాగాన్నీ ఉగ్రవాదానికి వాడుకోనివ్వనని ముషారఫ్ ఉమ్మడి ప్రకటనలో మాట ఇచ్చారు. ఆ తర్వాత భారత దూత సతీందర్ లాంబా, పాకిస్తాన్ దూత తారిఖ్ అజీజ్ తెరవెనుక కూర్చుని, సరిహద్దు మార్చకుండానే రేఖకు రెండు వైపులా రాకపోకలు పెంచి, హింస తగ్గిన కొద్దీ సైన్యాలను తగ్గించే ముసాయిదా ఒకటి తయారు చేశారు. 2007లో న్యాయవాదుల ఉద్యమంతో ముషారఫ్ బలహీనపడ్డారు, మరుసటి ఏడాది ముంబై జరిగింది, ఆ కాగితం అటక ఎక్కింది. కానీ ఆ కొన్నేళ్లు రేఖ వెంట గ్రామాల్లో పంటలు కోసుకున్నారు, పిల్లలు బడికి వెళ్లారు. ఉగ్రవాదాన్ని పూర్తిగా ఆపలేకపోయినా, సైన్యాల మధ్య కాల్పులను ఆపింది చర్చలే. 2021 ఫిబ్రవరిలో డీజీఎంవోల ఉమ్మడి ప్రకటన మళ్లీ ఆ పని చేసింది.

మూడో దారి కూడా ఒకటి ఉంది, నిధుల దారి. ఉగ్రవాద నిధులపై నిఘా వేసే ఎఫ్ఏటీఎఫ్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు వరకు పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో, అంటే లోపాలు సరిదిద్దుకోవాల్సిన దేశాల జాబితాలో ఉంచింది. ఆ ఒత్తిడి కొనసాగుతుండగానే 2020లో లాహోర్ కోర్టు లష్కరే తోయిబా వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్‌కు ఉగ్రవాద నిధుల కేసులో శిక్ష వేసింది. అప్పు ఇచ్చేవాళ్ల ముందు పరువు పోతుందన్న భయం, 180 అణ్వస్త్రాలు చేయించలేని ఒక పనిని చేయించింది.

2025 తర్వాత పరిస్థితి మారింది. ఉగ్రదాడిని ఇకపై యుద్ధ చర్యగానే చూస్తామనీ, అణు బెదిరింపులకు లొంగబోమనీ, ఉగ్రవాదులకూ వారిని పోషించే ప్రభుత్వానికీ తేడా చూడబోమనీ భారత్ ప్రకటించింది. నేను పైన చెప్పిన చిరునామా సమస్యకు ఇది నేరుగా వేసిన మందు. "మాకు తెలియదు" అనే వెసులుబాటుకు ధర పెంచింది కాబట్టి దీన్ని నేను తోసిపుచ్చను. కానీ ఏ రోజు సంక్షోభం మొదలవ్వాలో నిర్ణయించే వీలు కూడా దానితో పాటే తుపాకీవాడికి వెళ్లింది. పైగా సంక్షోభాన్ని దించే మెట్లు అదే సమయంలో తగ్గిపోయాయి. 2019 ఆగస్టు నుంచి రెండు రాజధానుల్లోనూ హైకమిషనర్లు లేరు. 2025 ఏప్రిల్‌లో హైకమిషన్ల సిబ్బందిని 55 నుంచి 30కి తగ్గించారు, సైనిక సలహాదారులను వెనక్కు పంపారు. మూడు యుద్ధాలను తట్టుకున్న 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని భారత్ పక్కన పెట్టింది. సిమ్లా ఒప్పందాన్ని పక్కన పెట్టే హక్కు తనకు ఉందని పాకిస్తాన్ అంది.

కాబట్టి రాజకీయ చర్చలు ఇప్పుడే మొదలుపెట్టాలని నేను చెప్పను. దానికి అటువైపు నుంచి ఒక ఆధారం కనిపించాలి. నిషేధిత సంస్థల అధినేతలు బహిరంగ సభల్లో మాట్లాడకుండా ఉండటం, ముంబై కేసు విచారణ అక్కడి కోర్టులో కదలడం లాంటివి ఆధారాలు. కానీ 2005 ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణులను చేర్చడానికీ, డ్రోన్ల విషయంలో అలాంటిదే ఒకటి రాసుకోవడానికీ, హాట్‌లైన్ సైనికాధికారుల దగ్గరే ఆగిపోకుండా జాతీయ భద్రతా సలహాదారుల మధ్య ఒక లైను ఉంచడానికీ, రెండు హైకమిషన్లలో ఒక్కో సైనిక సలహాదారును తిరిగి కూర్చోబెట్టడానికీ స్నేహం అక్కర్లేదు, నమ్మకం కూడా అక్కర్లేదు. 1988లో అణు కేంద్రాల ఒప్పందం మీద సంతకం చేసినప్పుడూ అవి ఉన్నాయని కాదు. అప్పటికి దాదాపు రెండేళ్ల కిందటే, భారత సైన్యం జరిపిన బ్రాస్‌టాక్స్ విన్యాసాల సమయంలో రెండు సైన్యాలూ సరిహద్దులో తలపడే దాకా వచ్చి ఆగాయి.